వెనక ట్రేలు

మా తోట ఆగిరిపల్లి దగ్గర. కాయ అమ్మేది నూజివీడులో. మధ్యలో మా పాత వ్యాను. దాన్ని నేనే నడుపుతాను కాబట్టి, తప్పు అందులో ఉండొచ్చన్న ఆలోచన నాకు రానే లేదు.

ఆ ఏడు మా బంగినపల్లి కాయలు కొన్న షావుకారు వరుసగా మూడుసార్లు ఫోన్ చేశాడు. కోసిన రోజు నిగనిగలాడిన కాయ, మగ్గేసరికి నల్లమచ్చ వేస్తోందట. "దెబ్బ కాయండీ. ఇలాగైతే మీ తోట సరుకు నాకొద్దు," అనేశాడు.

చెట్టు మీది కాయను కూడా ఎవరో ఎత్తుకుపోతారని భయపడే ఇంట్లో పుట్టాను నేను. అనుమానించడానికి నాకు ఎంతోసేపు పట్టదు. మా తోటలో చిక్కం పట్టేది ఒక్కరే, పదిహేనేళ్ళుగా కోతకు వస్తున్న పెద్దాయన. బాబాయ్ అని పిలుస్తాను. పొడుగు కర్రకు కట్టిన ఆ వల సంచిలోకి, తొడిమ విరగకుండా కాయను దింపుతాడు. వయసు మీదపడి చెయ్యి వణుకుతోందనీ, నేల రాలిన కాయల్ని ట్రేల్లో కలిపేస్తున్నాడనీ తేల్చేసుకున్నాను. రుజువు కూడా దొరికింది. షావుకారు చెప్పినదాన్ని బట్టి దెబ్బ కాయలన్నీ వ్యానులో చిట్టచివర పెట్టిన ట్రేల్లోవే. నా కంట పడకుండా వెనక దాస్తున్నాడన్నమాట!

మర్నాడు చెట్టు చాటున గంటసేపు కాపు కాశాను. ఒక్క కాయా రాలలేదు. నన్ను చూసి జాగ్రత్తపడ్డాడనుకున్నాను. ఎక్కించిన ట్రేలన్నీ దింపించి, కూలీలందరి ముందూ ఒక్కో కాయా తిప్పి చూశాను.

"నిజం చెప్పు బాబాయ్, రాలినవి ఎన్ని కలిపావు?"

ఆయన చిక్కం చెట్టుకు ఆనించి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమే వ్యాను వెనక టైరు గుంటలు గుంటలుగా అరిగిపోయింది. టైరు అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ నూజివీడులో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను వ్యాను వెనక భాగాన్ని రెండు చేతులతో కిందికి నొక్కి వదిలాడు. బండి నాలుగైదుసార్లు ఊగింది.

"ఒక్కసారి లేచి ఆగిపోవాలండీ. షాకబ్జార్బర్లు పోయినియ్, రెండూ మార్చాలి. ముందు సీట్లో మీకు తెలీదు గానీ, గతుకుల్లో వెనక ఏం పెట్టినా ఎగిరెగిరి పడుద్ది."

"కింద చూశాను, ఆయిల్ కారేది ఒకటే కదా, రెండూ ఎందుకు మార్చడం?" వీడూ నన్ను ముంచుతున్నాడని నా అనుమానం.

"ఒకటే మారిస్తే రెండు పక్కలా ఒకేలా ఉండదండీ. నమ్మకం లేకపోతే పాతవి పట్టుకెళ్ళండి."

పట్టుకెళ్ళకుండా ఎలా ఉంటాను? పాత సామాను షెడ్డులో వదిలేసే అలవాటు మా ఇంటా వంటా లేదు. విప్పిన దాన్ని నిలబెట్టి నొక్కితే కడ్డీ వేలితోనే దిగిపోయింది. కొత్తది నా బరువంతా వేస్తే గానీ కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చాయి వెనక ట్రేలు.

ఆ పాత షాకబ్జార్బర్ పట్టుకుని తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్ళాను. నొక్కి చూపించి, తప్పు నాదేనన్నాను. ఆయనా ఒకసారి నొక్కి చూసి, "పోన్లే అబ్బాయ్," అన్నాడు. మర్నాడే కోతకు వచ్చాడు.

తర్వాత దెబ్బ కాయల ఫోన్ రాలేదు. కానీ ఇప్పుడాయన ప్రతి ట్రేనీ బండెక్కించే ముందు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెడతాడు. "చూసుకో," అంటాడు. అక్కర్లేదు బాబాయ్ అన్నా వినడు. నేను వంగి కాయలు తిప్పి చూసేదాకా అక్కడే నిలబడతాడు.