తాళం వేసినా పోయిన పెట్రోలు

అదే కదా నేను మొదటి నుంచీ అంటున్నది... తాగుతుంది, బాగా తాగుతుంది. ఎవరో మోజు తీరి వదిలేసిన పందేల కారును మావాడు కొన్నాడు. నెల తిరగలేదు. బంకువాడు తక్కువ కొడుతున్నాడని ఒకరోజు, డ్రైవరు లాగేస్తున్నాడని ఇంకోరోజు... వాడు అనుమానించని మనిషి లేడు. ఇప్పుడు నన్ను సూర్యాపేటలో బట్టల షాపు ముందు, ఏసీ చల్లగా పెట్టి కూర్చోబెట్టి, తల్లీకొడుకులు లోపలికి వెళ్లారు. పాత సంగతి గుర్తొచ్చింది...

మా చిన్నప్పుడు, రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొత్తలో, ఇదే ఊళ్లో మా తాత కూడా ఇట్లాంటి కారే కొన్నాడు. హైదరాబాదులో ఒక జాగీర్దారు అన్నీ అమ్ముకుని వెళ్లిపోతూ వదిలించుకున్నది. పొడుగు ముక్కు, గున్న ఏనుగంత ఇంజను. పందేల కోసం చేసిందట. మా తాతకు పందేలెక్కడివి... ఆముదాల బేరం. అంతకుముందు ఎడ్లబండి మీద కోదాడ, మిర్యాలగూడ తిరిగిన మనిషి.

కారుతోపాటు దాన్ని నడిపే యాకూబు కూడా వచ్చాడు. సన్నటి మనిషి, తలకు రుమాలు, మాట తక్కువ.

అప్పట్లో పెట్రోలు డబ్బాల్లో వచ్చేది, అదీ రేషను చీటీ ఉంటేనే. పోసిన డబ్బా పోసినట్టే మాయం. కోదాడ పోయి వస్తే చాలు, టాంకు అడుగు కనిపించేది.

"గిన్ని దాణా పెడితే మన ఎడ్లు కాశికి పోయొస్తయి" అంది మా నాయనమ్మ. ఆ మాట అని యాకూబు వైపు చూసింది... అనుమానం అట్లా మొదలైంది.

మంచినీళ్లు ఇచ్చే వంకతో దగ్గరికి పోయి అతని రుమాలు వాసన చూసి వచ్చింది. "పెట్రోలు వాసనొస్తాంది."

"డ్రైవరు తాన పెట్రోలు వాసన రాక పునుగు వాసనొస్తదా" అన్నాడు తాత. అన్నాడే గానీ, ఆయనకూ లోపల పురుగు తొలుస్తూనే ఉంది.

మా నాయన కందికట్టె టాంకులో ముంచి, తడి ఎక్కడిదాకా ఉంటే అక్కడ గోటితో గాటు పెట్టేవాడు. అయినా తగ్గింది. కమ్మరిని పిలిపించి టాంకు మూతకు ట్రంకుపెట్టె తాళం బిగించారు. తాళంచెవి నాయనమ్మ బొడ్లో. అయినా తగ్గింది... ఇంకేం, యాకూబు దగ్గర మారు తాళంచెవి ఉన్నట్టే అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు.

నేనూ ఊరుకోలేదు. కారు పెట్టే కొట్టంలో అతని డబ్బా ఒకటి ఉంటే మూత తీసి ముక్కు పెట్టాను. మామిడికాయ తొక్కు.

యాకూబుకు అంతా తెలుసు. ఎవరూ అడగకుండానే, రోజూ ఇంటికి పోయే ముందు తన సంచిని మా అరుగు మీద బోర్లించి దులిపి, మళ్లీ సర్దుకుని పోయేవాడు.

చివరికి తాత చెప్పేశాడు. "ఈసారి కోదాడ పోయొస్తం. తక్కువైందా, ఇగ యాకూబును పంపిచ్చుడే." దొంగ అన్న పేరుతో పోతే సూర్యాపేటలోనే కాదు, మిర్యాలగూడలో కూడా అతని చేతికి ఎవరూ కారు ఇవ్వరు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు...

ఆ రోజు కాపలాగా నాయనమ్మ కూడా కారెక్కింది. పక్కన నేను. దారంతా ఆమె యాకూబు చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు.

మునగాలలో తాత ఆముదాల ధర అడగడానికి దిగాడు. ధర ఒక్క మాట... తాత ముచ్చట రెండు చుట్టలు. కారు నిలబడే ఉంది, మేమిద్దరం మాత్రం జల్లెడలో గింజల్లాగా ఊగుతున్నాం.

"నిలబడ్డది గద, ఎందుకు వణుకుతాంది?" అంది నాయనమ్మ.

"ఇంజను నడుస్తున్నదమ్మా."

"ఎటు నడుస్తున్నది? మనం ఈడనే ఉంటిమి."

"ఎటూ నడవదు. ఉత్తగనే మండుతాంది."

నాయనమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పొయ్యి ముందర ఉన్న మనిషి. "అంటే... వంటయినంక గూడ పొయ్యిల కట్టెలు గుంజలేదా?"

"పటేలు గుంజనియ్యడమ్మా. మొదటి దినం బంద్ చేస్తే కోపం జేసిండు. దారిల కాడి దించొద్దట."

మా తాత పట్టింపు అది. బేరానికి బయలుదేరితే, ఊరు చేరేదాకా ఎడ్ల మెడ మీది కాడి దించకూడదు, దించితే పని చెడుతుంది. ఎన్ని చోట్ల ఆగినా ఎడ్లు కట్టినవి కట్టినట్టే నిలబడేవి. కారుకూ అదే పట్టింపు... ఎడ్లు నిలబడితే మేత అడగవు, ఇది నిలబడ్డా తాగుతుందని ఆయనకు తోచలేదు.

"మరి గిన్ని దినాల సంది నాకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలెనమ్మా... తాగేది పటేలే అనా?"

నాయనమ్మ ముందుకు వంగింది. "గుంజు కట్టెలు."

ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దానికి తాత మాట కూడా ఆగింది. చుట్ట పారేసి ఉరికొచ్చాడు. "కాడి దించిందెవడు?"

"నేనే. ఎక్కు."

తాత ఎక్కాడు. ఆ రోజు ఎక్కడ ఆగినా నాయనమ్మ కట్టెలు గుంజించింది. బేరం మాత్రం బాగానే కుదిరింది. ఇంటికొచ్చాక మా నాయన కందికట్టె మూడుసార్లు ముంచి చూశాడు. ఎప్పుడూ తడి ఆగే చోటుకు నాలుగు వేళ్లు పైదాకా తడి.

నాయనమ్మ తాళంచెవి తీసి యాకూబు ముందు పట్టింది. ఆమె తప్పయిందని నోటితో అనడం నేనెప్పుడూ వినలేదు. "ఇగ నీ తాన్నే ఉండనీ."

యాకూబు చేయి చాపలేదు. "మీ తాన్నే ఉండనీయుండ్రి అమ్మా... రేపు తక్కువైతే మల్ల నా మొకమే సూస్తరు."

ఆ తర్వాత టాంకుకు తాళం వేయలేదు. తాళంచెవి మాత్రం నాయనమ్మ బొడ్లోనే ఉండిపోయింది... ఆమె పోయేదాకా.

ఇప్పుడు ఎంత తాగిందో కారే తెర మీద బొమ్మ కట్టి చూపిస్తోంది. అయినా తక్కువైతే ముందు చూసేది మనిషి మొహమే... మీ ఇంట్లో కూడా ఇట్లా ఎవరి సంచో బోర్లించిన రోజు ఉంటే, సిగ్గుపడకుండా ఈ పోస్టు కింద రాయండి. మావాడికీ ఇవాళ చెప్పాలి... ఒరే, డ్రైవరును అనే ముందు ఒక్కసారి... ఆగండి, మా ఆవిడ వచ్చి కారు అద్దం కొడుతోంది. "గంట సేపాయె, ఇంజను బంద్ చెయ్యకుండనే కూసున్నవా? ఇగ పెట్రోలు ఎవరు తాగుతున్నట్టు?" అంటోంది. వస్తున్నా, ఎండ కదా అని నేనే ఇంజను ఆపకుండా...