నిలబడ్డ చెట్లు

మా ముత్తాతగారు, తాతగారు మామిడికుదురు వైపు నాలుగు ఊళ్ల కొబ్బరితోటలకు ఆసాములు. గాలివానకు చెట్టు పోతే కౌలురైతుకు పరిహారం మా ఇల్లే ఇచ్చేది. బీమా కంపెనీల కంటే పాత కట్టుబాటు అది. అందుకు ఒక తోట ఆదాయం వేరుగా దాచేవాళ్లం. మొన్నటి తుపానుకు కూలిన చెట్లకు చెల్లించాక నిధి ఇంకా మిగిలింది. ఏడాది తర్వాత కౌలురైతు ఒకాయన వచ్చారు.

"నిలబడ్డ చెట్లు కూడా తల మీది మొవ్వు వాల్చేత్తన్నాయండి."

"తుపాను ఎప్పుడో వెళ్లిపోయిందిగా?"

"ఆయ్. అప్పుడు గాలి మెలిపెట్టేసిందండి, ఇప్పుడు చత్తన్నాయి."

"ఇంకెన్ని పోతాయి?"

"అది చెప్పగలిగితే నేనే బీమా కంపెనీ పెట్టుకుందునండి."

తోటలోకి వెళ్లి చూశాను. పచ్చగా నిలబడ్డ వాటిలో ఏది బతికినదో తెలియలేదు. ఆ కట్టుబాటుకు మా పెద్దలు గడువు పెట్టలేదు; నేనూ పెట్టను. మిగిలిన నిధీ పరిహారాలకే అయిపోయి, దాని కోసం ఉంచిన తోటను ఈ వేసవిలో అమ్మేశాం.