ఇంజను కోసం కలకత్తా వెళ్తే

కలకత్తా వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. బంధువుల మాట నమ్మి రైలెక్కకండి. నేను నమ్మి ఎక్కాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

పలాసలో నాకో అద్దెకారు ఉంది, నేనే నడుపుతాను. ఉద్దానం ఊళ్ల నుంచి డయాలసిస్‌కు వెళ్లేవాళ్లే నాకు ఎక్కువ. గుండ్రటి పాతకాలపు బండి. గత నెల దాని ఇంజను పూర్తిగా చచ్చిపోయింది. కంపెనీవాళ్లు ఆ ఇంజన్లు చెయ్యడం ఎప్పుడో మానేశారు. అలాంటప్పుడు కలకత్తాలోని ఖిదిర్‌పూర్‌లో అదే రకం టాక్సీ నడిపే మా అమ్మ తమ్ముడు అప్పన్న మావయ్య ఫోన్ చేశాడు.

"నా టాక్సీకి పదిహేనేళ్లు నిండిపోనాయి గుంటా. సోమారం తుక్కుకి ఇచ్చెయ్యాల. నువ్వొచ్చి ఇంజను పట్టుకుపో. ఉత్త బాడీ అయినా ఆళ్లు తీసుకుంతారు."

శనివారం సాయంత్రం పలాసలో మెయిలు ఎక్కాను. ఎదుటి బెర్తులో కలకత్తా మెటియాబ్రుజ్‌లో కుట్టుపని చేసుకునే సోంపేట ఆవిడ ఉంది. నేను వెళ్లే పని వినగానే పడీపడీ నవ్వింది. "కలకత్తా నుంచి సీరలు తెచ్చుకుంతారు గానీ ఇంజన్లేటమ్మా!"

తెల్లారి హౌరాలో దిగితే స్టేషను బయటే ఖిదిర్‌పూర్ బస్సు దొరుకుతుంది. పక్కనే మట్టి ముంతలో టీ తాగి, పూరీ, బంగాళాదుంప కూర తినండి. నా ప్రయాణంలో బాగున్నవి అవే.

మావయ్యది రేవు పక్క పాత క్వార్టర్సులో ఒకటే గది. నన్ను కూర్చోనివ్వకుండానే కిందికి తీసుకెళ్లి, టాక్సీ బానెట్ ఎత్తి పురాణం విప్పాడు. కంపెనీ ఈ బండి ఆకారం పెద్దగా ముట్టుకోలేదట గానీ లోపల ఇంజన్లు మారుస్తూనే పోయింది. మొదట వాల్వులు పక్కనుండే ఇంగ్లీషు పెట్రోలు ఇంజను, వంతెన ఎక్కాలంటే ఆయాసపడేది. తర్వాత వాల్వులు పైకెక్కాయి, లాగుడు పెరిగింది. ఆ తర్వాత డీజిలు వచ్చింది, ఖర్చు తగ్గి వణుకు పెరిగింది. నా బండిలో చచ్చింది అదే. మావయ్యది తర్వాతొచ్చిన జపాను డిజైను, అయిదు గేర్లది. స్టార్ట్ చేసి వినిపించాడు. నాకు నోరూరింది.

"మెకానిక్కు ఎప్పుడొస్తాడు మావయ్యా?"

మావయ్య ఇంజను ఆపాడు. "తియ్యనే గుంటా."

"ఏటి?"

"తీసేత్తే బండిని క్రేనుకి కట్టి ఈడ్సుకెల్తారు. నానుండగా నా బండిని సచ్చిన గొడ్డునాగ ఈడ్సుకెల్తారేటి? అది తన కాల్ల మీదెల్లాల."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి నన్నెందుకు రమ్మన్నావు? పలాసలో నా బండి కాళ్లు విరిగి పడుంది. అది బండి కాదేటి? నీ పరువు కోసం నా పొట్ట కొడతావా?"

"నన్ను తిట్టు," అన్నాడు. రాత్రి నాకు మంచమిచ్చి తను వరండాలో పడుకున్నాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా మండింది.

సోమవారం పొద్దున్నే హౌరా అవతల లిలువా దాటాక ఉన్న తుక్కు యార్డుకు బయల్దేరాం. నది వంతెన మీద ఎక్కడా గేరు తగ్గించాల్సిన పని పడలేదు. అంత మంచి ఇంజను!

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "దాదా, ఇక్కడే బంద్ చెయ్యి. డీజిల్, ఆయిల్ బయటే తీసెయ్యాలి. లోపలికి తోసుకురా."

మావయ్య బెంగాలీలో బతిమాలాడు, చేతులు పట్టుకున్నాడు. రూలంటే రూలన్నాడతను. అప్పుడైనా ఇంజను విప్పుకుంటామని నేను అడిగాను. గేటు దాకా వచ్చి కాగితాలు ఇచ్చేశాక ఒక్క బోల్టు కూడా విప్పకూడదట.

తోశాం. పళ్లు కొరుక్కుంటూ నేనూ తోశాను.

సాయంత్రం హౌరాలో రైలు ఎక్కించడానికి మావయ్య వచ్చాడు. కిటికీ ఊచలు పట్టుకుని మెల్లగా అన్నాడు: "ఇంజను తీసేసుంటే తొయ్యడానికి తేలిగ్గుండునే."

"నిన్న తెలీలేదేటి!" అని అరిచాను. పెట్టెలోవాళ్లంతా నావైపు తిరిగారు. రైలు కదిలినా మావయ్య మాత్రం తలెత్తలేదు.

కలకత్తా మంచి ఊరే, మనుషులూ మంచివాళ్లే. ఆ మంచితనం నేనేం చేసుకోను? రైలు కదిలిన గంటకు ఫోన్ మోగింది. డయాలసిస్‌కు వెళ్లే ఒక పెద్దాయన కొడుకు. "అక్కా, బండి బాగయిందా? నాన్నని బస్సులో తీసుకెళ్లలేకపోతున్నాం."

నెల రోజులుగా అందరికీ "వారంలో రెడీ" అనే చెబుతున్నాను.

"ఇంకో బండి చూసుకో తమ్ముడూ," అన్నాను.