గుర్రానికి పెట్టిన గుగ్గిళ్లు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద బరువేం కాదు, గిన్నెడు ఉలవ గుగ్గిళ్లంత. అయినా దించుకునే చోటు దొరకలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీ దగ్గర దించుతున్నాను.

ఆళ్లగడ్డలో మా పక్కింటి దేవదానం అన్నకు ఒక పొట్టి గుర్రం ఉంది. పెళ్లికొడుకులను ఊరేగించడం దాని ఉద్యోగం. ఒకసారి ముందుకాళ్ల గిట్టలు వేడెక్కి, లోపల వాచి, నడవలేకపోయింది. నంద్యాల పశువుల డాక్టరు నయం చేసి, ఇది మళ్లీ మళ్లీ వచ్చే జబ్బని చీటీ రాసిచ్చాడు. గింజలు వద్దు, బెల్లం వద్దు, వానకు మొలిచిన పచ్చిగడ్డి వద్దు. ఎండుగడ్డి నీళ్లలో నానబెట్టి, వంచి, కొలతగా పెట్టాలి.

తమ్ముడి ఇల్లు కట్టించే పనిమీద వారం రోజులు నంద్యాల పోతూ అన్న గుర్రాన్ని నాకు అప్పగించాడు. భార్య మార్తమ్మ వదినకు కాదు. ఆమె చేతిలో బెల్లం ముక్క ఆగదని ఆయన భయం. నేను డిగ్రీ చదివినవాణ్ని, చీటీ చదవగలను. చదివాను కూడా.

మూడోరోజు శిల్పాలు చెక్కే పనివాళ్లు దారిన పోతూ ఆగారు. "ఏందప్పా, గుర్రంతో ఉపాసం చేయిస్తాండావా?" అన్నారు. నవ్వాను. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. దీనికి కళ్లు రెండూ బాగున్నాయి, నన్నే చూస్తున్నాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో ఉలవచారు. చారుకు నీళ్లు వంచుకోగా మిగిలిన గుగ్గిళ్లు ఎప్పుడూ ఎద్దులకు పోతాయి. ఆరోజు గుర్రానికి పోయాయి. మర్నాడు చారు లేకపోయినా ఉలవలు ఉడకబెట్టాను. జాలిపడ్డానా? నలుగురిలో పిసినారిగా కనబడ్డానని ఉడుక్కున్నానా? జాలేనని చాలాకాలం చెప్పుకున్నాను. మరి జాలైతే చాటుగా ఎందుకు పెట్టాను?

అన్న తిరిగొచ్చేసరికి గుర్రం ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి, కాలిన బండమీద ఉన్నట్టు నిలబడింది. అడుగు వేయదు.

"ఏం పెట్టినావప్పా?"

"చీటీలో ఉండేదే అన్నా."

"మరి ఎట్లయింది?"

నేను వాళ్ల వంటింటి వైపు చూశాను. రెండో అబద్ధానికి నోరు కూడా అక్కర్లేకపోయింది. వదిన బయటికొచ్చి, "నేను యాడ పెట్టినా? దాని దగ్గరికే పోల్యా" అంది. అన్న నమ్మలేదు.

గుర్రం బతికింది. పెళ్లికొడుకెవరూ మళ్లీ దాన్ని ఎక్కలేదు. వదిన గొంతు వింటే తల తిప్పే గుర్రమది. ఆరోజు నుంచి ఆమెను అన్న కొట్టంలోకి రానివ్వలేదు. గోడ ఇవతలి నుంచే చూస్తుంది. పోయిన నెల నాతో అంది: "బెల్లం చేత్తో తొట్టి ముట్టుకున్యానేమో అప్పా. నాకే గ్యాపకం ల్యాదేమో."

చేయని తప్పును ఆమె నమ్మడం మొదలుపెట్టింది. ఇక చాలు.

ఇది ముగించి వాళ్లింటికి పోతాను. ఇద్దరూ ఇంట్లో ఉండే వేళే చూసుకున్నాను. మధ్యలో జోకు వేయను. క్షమించమని అడగను, అడిగితే వదిన మంచితనం అడ్డమొచ్చి పని చెడగొడుతుంది. చెప్పాల్సిన మాట మాత్రం ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. వదినా, నువ్వు పెట్టలేదు. నేను పెట్టినాను.

రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరం కూడా కొట్టేయబుద్ధి కాలేదు.