సావు దెబ్బకు లేచిన కాలు

మా బాపు ఊరికి మాలీ పటేలు. శిస్తు వసూలుకు బయలుదేరితే కోళ్లు కూడా పక్కకు తప్పుకునేవి. అట్లాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. ఊరంతా ఆయన మాట వింటుంది గానీ, సొంత కుడికాలు వినడం మానేసింది.

ఇంతలో తహసీల్దారు ఊరి శిస్తు లెక్కలు చూసే జమాబందికి వస్తున్నాడని కబురు. బాపు ఆయన ముందుకు నడిచి పోలేకపోతే పటేలుగిరి మా చిన్నబాపుకు పోతుంది. చిన్నబాపు రోజూ వచ్చి "ఎట్లున్నవన్నా?" అని అడిగేవాడు. మొహం చూసి కాదు, కాలు చూసి. ఆ చూపుకు నాకు ఒళ్లు మండేది.

హకీము తైలాలు అయిపోయాయి, మొక్కులూ అయిపోయాయి. ఒకనాడు మా ఇంటి ముందు నుంచి శవాన్ని తీసుకుపోతుంటే, అరుగు మీద కూర్చున్న బాపు కాలు డప్పుకు తగ్గట్టు లేచి పడింది. "ఓ నా కొడుకో, కాలు కదిలె!" అని అవ్వ కేక వేసింది.

డప్పు కొట్టే పెద్దమనిషిని పిలిపించారు. పెండ్లి దెబ్బ కొడితే కాలు ఉలకలేదు. "పటేలా, పెండ్లి దెబ్బకు ఎగురుడే. పాడె మోసేటోళ్లు నిమ్మళంగ అడుగేసేటందుకు సావు దెబ్బ. నీ కాలుకు గదే పడ్తది" అన్నాడతను.

"బతికున్నోని ముంగట సావు డప్పా!" అని అవ్వ శోకం పెట్టింది. చివరికి ఊరవతల చెలకలో అయితే సరేనన్నది. వెట్టికి పిలిచిన మనిషి డప్పు కొడుతూ ముందు నడిచాడు, పటేలు వెనక నడిచాడు.

చప్పుడు ఊళ్లోకి రానే వచ్చింది. "అన్నా, పోతివా!" అని ఏడుస్తూ చిన్నబాపు ఉరికొచ్చాడు. వెనక జీతగాళ్ల భుజాల మీద పాడెకు కొట్టించిన పచ్చి వెదురు బొంగులు. తీరా చూస్తే అన్న ఎదురొస్తున్నాడు. బాపు ఒక బొంగు లాక్కుని, "మంచిగ తెచ్చినవ్ రా తమ్మీ, చేతికట్టె లేక తిప్పలైతాంది" అన్నాడు.

జమాబంది నాడు చప్రాసీ డప్పును చావడి బయటే ఆపాడు. గడప దగ్గర బాపు కాలు బిగుసుకుపోయింది. లోపల చిన్నబాపు అప్పుడే తలకు రుమాలు సర్దుకుంటున్నాడు. గోడ పక్కన నిలబడ్డ నాకు ఏడుపొచ్చింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, కొట్టు! సావు దెబ్బే కొట్టు!" అని అవ్వ డప్పు మనిషిని చూసి అరిచింది.

డప్పు మోగింది. "ఎవరు చచ్చారక్కడ?" అని తహసీల్దారు ఉర్దూలో గద్దించాడు.

బాపు పాడె బొంగు ఊతంగా గడప దాటుతూ అన్నాడు: "ఎవ్వరు సావలే హుజూర్. పటేలు వస్తున్నడు."