శనగలతో అల్లిన ఫుల్లరీన్

మొన్న ఉదయం కమలాపురం నుంచి సారు వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాయన పోయినాడక్కా, నిద్రలోనే," అంది. బస్సెక్కానే గానీ, ఊరొచ్చేదాకా నా మనసు మనసులో లేదు.

కడపలో నా పరిశోధనకు గైడు ఆయన. మేం పనిచేసింది చిన్న ఫుల్లరీన్ల మీద. కర్బన పరమాణువులు బోనులా అల్లుకున్న అణువులవి. వాటికి మరో అణువు రెండు చోట్ల అతుక్కొని వలయం కట్టడాన్ని సైక్లోఎడిషన్ అంటారు. "ఉత్త బోను ఏం చేసుకుంటాం మా? దానికి మందు తగిలిస్తే గదా ఒంట్లోకి మోసకపోయేది! శానా దూరముండాది లే, అయినా పోదాం పా," అనేవారు సారు.

ఎక్కడ అతుకుతుందన్నదే పేచీ. బోను గళ్లు కొన్ని షడ్భుజులు, కొన్ని పంచభుజులు. పెద్ద బోనులో రెండు షడ్భుజులు కలిసే బంధం దగ్గర అతుకుతుంది. చిన్నదానిలోనూ అంతేనని సారు ఏళ్ల తరబడి పాఠం చెప్పారు. నా కంప్యూటర్ లెక్కలేమో రెండు పంచభుజులు కలిసే చోటే ముందన్నాయి. ఎన్నిసార్లు చేసినా అదే! గైడు మాట కాదంటే నా థీసిస్ మీద సంతకం పెడతారా? డిపార్ట్‌మెంటు ఛాయలకు పోవడం మానేశాను.

ఆయనే ఇంటికి పిలిపించారు. "ఏం మా, మొగం చాటేస్తాండావు?"

ఏడుపొక్కటే తక్కువగా చెప్పేశాను. సారు వంటింట్లోకి పోయి, గుగ్గిళ్లకని నానబెట్టిన శనగల గిన్నె ఎత్తుకొచ్చారు. చీపురు పుల్లలు విరిచి, శనగలకు గుచ్చి బోను అల్లడం మొదలుపెట్టారు.

"నా చీపురంతా పీకేస్తివి గదప్పా! సాయంత్రం గుగ్గిళ్లు అడుగు, చెప్తా!" అని ఆయన భార్య కేకలు.

పంచభుజులు ఆనుకున్న చోట పుల్లలు వంగీ వంగీ, శనగ చీలి, ఒక పుల్ల ఎగిరి సారు కళ్లజోడుకు తగిలింది. ముగ్గురం పడీపడీ నవ్వాం.

"శనగలు సాక్ష్యం కాదు లే. నీ లెక్కలు చూపీ," అన్నారు. సాయంత్రం దాకా వరుస వదలకుండా చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చెప్పింది తప్పు మా. బిగువెక్కువున్న చోటే గదా ముందు కలిసేది. నాకెందుకు తట్టలేదబ్బా!"

అంత తేలిగ్గా అనేశారు మహానుభావుడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

సోమవారం ఎమ్మెస్సీ క్లాసుకు నన్నూ తీసుకుపోయారు. "ఇన్నాళ్లూ మీకు తప్పు చెప్పినా. సరైంది ఈమె చెప్తాది," అని సుద్దముక్క నా చేతిలో పెట్టి, ముందు బెంచీలో పిల్లల మధ్య సర్దుకొని కూర్చున్నారు. బోర్డు మీద రెండు పంచభుజులు గీసి వెనక్కి తిరిగాను. సారు చెయ్యెత్తి ఉన్నారు.

"మేడమ్, ఒక డౌటు."