షుక్రి మెచ్చుకున్న రోజు

మా జహ్లే ఊళ్ళో షుక్రి నోట మెచ్చుకోలు మాట విన్నవాళ్ళు లేరు. ఆయన పిసినారి కాదు, అసూయాపరుడు అంతకన్నా కాదు. ఆయనకున్నదల్లా దిష్టి భయం. ఏదైనా బాగుందని ఎవరైనా అన్నారంటే ఆ బాగు అక్కడితో సరి అని ఆయన నమ్మకం. అందుకని బాగున్న ప్రతిదాన్నీ ఎవరూ మెచ్చుకోకముందే తానే తిట్టేసేవాడు.

నేను మంగలిని. నా షాపుకి ఎదురుగానే ఆయన అద్దాల కొట్టు. ఇరవై ఏళ్ళుగా ఆ గడ్డం గీస్తున్నాను. ఎలా ఉన్నావని అడిగితే "ఇవాళో రేపో పోయేలా ఉన్నాను" అంటాడు. అంటే ఒళ్ళు భేషుగ్గా ఉందన్నమాట. ఒకసారి నిజంగానే న్యుమోనియా వచ్చి "ఫర్వాలేదు, బాగానే ఉన్నాను" అన్నాడు. మేం వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేశాం.

కొట్లోనూ అదే వరస. "ఈ అద్దంలో మొహం వంకరగా కనిపిస్తుంది, తీసుకోవద్దు" అనేవాడు. ఊరివాళ్ళు సరిగ్గా ఆ అద్దమే ఎత్తుకుపోయేవాళ్ళు. పొరుగూరివాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంట్లో భార్య వర్దే ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండితే "ఉప్పూ లేదు, పులుపూ లేదు" అంటూ నాలుగోసారి పళ్ళెం ముందుకి జరిపేవాడు. మొదటి మనవణ్ణి చేతుల్లోకి తీసుకుని "ఇదేం కోతిపిల్ల" అన్నాడు. బేరూత్ అల్లుడు ఏడాదిపాటు మాట్లాడలేదు.

అయితే ఈ భయమంతా పోగుపడేది శనివారాలు, బాస్కెట్‌బాల్ హాల్లో. మా జట్టు పాయింట్ గార్డ్ ఇయాద్. అంటే బంతి పట్టుకుని ఆట మొత్తం నడిపేవాడు. ప్లంబర్ కొడుకు, మా వీధిలోనే పెరిగాడు. వాడు బుట్టలో బంతి వేసినప్పుడల్లా హాలంతా లేచి అరిచేది. షుక్రి మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుని "కుంటి గాడిద, కుంటి గాడిద" అని గొణిగేవాడు. ఇయాద్‌కి ఆ సంగతి తెలుసు. ఆ మాట వినపడకపోతేనే వాడికి బెంగ.

ఒక సోమవారం పేపర్లో ఇయాద్ ఫొటో పడింది. బెకా లోయ మొత్తంలో వాడిని మించిన గార్డ్ లేడని రాశారు. దేవుడు చల్లగా చూడాలన్న మాట ఒక్కటి కూడా కలపలేదు. షుక్రి చెమటలు తుడుచుకుంటూ వెళ్ళి దుకాణంలో ఉన్న పదకొండు పేపర్లూ కొనేశాడు. పన్నెండోది మందుల షాపు గసాన్ అప్పటికే కొనుక్కుపోయి గోడకి అంటించుకున్నాడు.

ఆ శనివారం సొంత హాల్లో, పట్టికలో అందరికన్నా అట్టడుగున ఉన్న జట్టు చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆఖరి నిమిషంలో ఇయాద్ రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. ఎవరూ అడ్డురాకుండా వేసే ఫ్రీ త్రోలు రెండు వచ్చాయి. రెండూ తప్పాడు.

సోమవారం నా షాపులో వాదనల గోలకి కత్తెర చప్పుడు వినపడలేదు. బంతిని అంతసేపు అట్టే పెట్టుకుంటాడా అని ఒకరు, ఖాళీగా నిలబడ్డవాడు వాడికి కనపడడా అని ఒకరు. అందరికంటే పెద్ద గొంతు గసాన్‌ది. బేరూత్ నుంచి తెచ్చుకున్న ఆటగాడు రోలాన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి మన వీధివాడని వీడిని ఆడిస్తే ఇంతే అన్నాడు. అందిన బంతిని పొడుగువాళ్ళు పట్టుకోకపోతే అందించినవాడి తప్పా అని నేను వాదించాను. ఆ వేడిలో ఒకాయన సగం గడ్డానికి సబ్బు ఆరిపోయింది. షుక్రి మూల కుర్చీలో పాలిపోయి కూర్చున్నాడు. ఆ పన్నెండో పేపరే ఆయన మనసులో తిరుగుతోందని నాకు తెలుసు.

అప్పుడే కోచ్ వచ్చాడు. బేరూత్ మనిషి, ఈ ఏడే చేరాడు. వచ్చే శనివారం ఓడితే కింది డివిజన్‌కి పోతాం. ఆ భయం ఆయన మొహంలోనూ ఉంది. నేను తువ్వాలు కప్పుతుంటే అద్దంలోంచి షుక్రిని చూశాడు.

"ఒక్క ఆట కూడా వదలకుండా వచ్చేది మీరొక్కరే. ఆ కుర్రాణ్ణి మొదటి నుంచీ కుంటి గాడిద అంటున్నారు. నేను వినలేదు, నాదే పొరపాటు. శనివారం రోలాన్‌నే దింపుతాను."

షాపులో అందరికీ ఆ తిట్టుకి అర్థం తెలుసు. గసాన్‌కీ తెలుసు. గసాన్ నోరు విప్పలేదు. నేను చెప్పబోయాను. కానీ ఆ తిట్టు మెచ్చుకోలని నలుగురిలో చెప్పడమంటే మెచ్చుకోవడమే కదా. వద్దన్నట్టు షుక్రి కళ్ళతోనే బతిమాలాడు. నా నోరు మూతపడింది. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

షుక్రి లేచాడు. ఒక చేత్తో కుర్చీ చెక్కని గట్టిగా పట్టుకున్నాడు.

"వాడు కుంటి గాడిద కాదు. పదేళ్ళు నా కొట్టు గోడకేసి బంతి కొట్టాడు. పక్కన నిలువెత్తు అద్దాలు. ఒక్కటి పగల్లేదు. ఈ లోయలో అలాంటి చేతులు ఇంకెవరికీ లేవు. వాడే ఆడాలి."

దిష్టి తగలకుండా గసాన్ గబగబా మూడుసార్లు చెక్కబల్ల తట్టాడు. ఇంతమంది పెద్దవాళ్ళు ఎందుకు బిక్కచచ్చారో కోచ్‌కి బోధపడలేదు. అయితే ఇయాదే ఆడతాడు అని చెప్పి, గడ్డం గీయించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అద్దాల కొట్టు తెరవలేదు. భయంతో మంచం పట్టాడనుకున్నాను. పది గంటలకి ఏటిగట్టు మీద పసుపుపచ్చ సూటు ఒకటి నడుస్తూ కనిపించింది. లోపల షుక్రి. తలకి నూనె, చేతికి పెళ్ళినాటి బంగారు గడియారం. కాఫీ దుకాణాల ముందు ఆగి ఆగి చెబుతున్నాడు, అరవై ఏడేళ్ళు వచ్చినా తన మోకాళ్ళు పాతికేళ్ళవాడికి లేవని, తన గుండె చూసి డాక్టరే ఈర్ష్యపడ్డాడని. ఊళ్ళో గసాన్ చూపంత చెడ్డ చూపు లేదని పేరు. షుక్రి నేరుగా మందుల షాపుకి వెళ్ళి అతని ముందు ఒక చుట్టు తిరిగి, "బాగా చూడు, తొందరేం లేదు" అన్నాడు.

సాయంత్రానికి వర్దే ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. "నా వంట అమృతంలా ఉందన్నాడు అన్నయ్యా. డాక్టరుని పిలవనా?"

బుధవారం ఆయన్ని షాపులోకి లాగి తలుపు వేశాను. మతి పోయిందా అని అడిగాను.

"ఊళ్ళో ఉన్న దిష్టంతా ఒకటే మూట, నెమెర్," అన్నాడు. "నా నోటితో దాన్ని వాడి మీద వేశాను. శనివారం దాకా నా మీదకి తిప్పుకుంటే, వాడి దాకా పోదు."

"నీకు భయం లేదా?"

"పై ప్రాణాలు పైనే పోతున్నాయి. కానీ నేనేం పరుగెత్తాలా, ఎగరాలా? చీలమండలు వాడికి కావాలి."

ఆ రోజు ఆయన గడ్డానికి కత్తి పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

శనివారం హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నా జేబులో కూడా దిష్టి తగలకుండా పెట్టుకునే నీలిపూస ఒకటి ఉంది. షుక్రి కూర్చోలేదు. మెట్ల వరస పైన, అందరికీ కనపడేలా ఆ పసుపుపచ్చ సూటులో నిలబడ్డాడు. ఇయాద్ అద్భుతమేమీ చెయ్యలేదు, నిదానంగా ఆడాడు. ఆఖరి క్షణాలకి రెండు జట్ల స్కోరూ సమానం. మళ్ళీ వాడికే రెండు ఫ్రీ త్రోలు.

మొదటిది తప్పింది. రెండోది వదిలాడు. బంతి ఇనపచుట్టు మీద ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. షుక్రి చూడలేక మొహం కప్పుకుని వెనక్కి తిరిగాడు. అడుగు మెట్టుకి అందలేదు. ఆయన దొర్లుతుంటే అక్కడ బంతి బుట్టలో పడింది.

హాలు దద్దరిల్లిపోయింది. ఆ గోలలో మెట్ల కిందనుంచి ఒక ఆనందపు కేక. "తగిలింది! దిష్టి నాకే తగిలింది!" నేను పరుగెత్తాను. కుడి చీలమండ గుమ్మడికాయలా వాచింది. ఆయన నవ్వుతూ దాన్ని అందరికీ చూపిస్తున్నాడు.

ఆదివారం ఇయాద్ మిఠాయి డబ్బా పట్టుకుని ఆయన ఇంటికి వచ్చాడు. గది నిండా జనం, గసాన్‌తో సహా. కాలు దిండు మీద పెట్టుకుని, పాత స్వెటర్‌లో షుక్రి. ఇయాద్‌కి ఎవరో అంతా చెప్పేసినట్టున్నారు. గుమ్మంలోనే నిలబడి ఆయన్నే చూశాడు. ఎక్కడ కృతజ్ఞతలు చెప్పి మొత్తం పాడుచేస్తాడోనని మా ప్రాణాలు గుప్పిట్లో ఉన్నాయి.

"ఎంత దరిద్రంగా ఉన్నావు, బాబాయ్," అన్నాడు వాడు. "నీ అంత పనికిమాలిన మనిషిని నేను పుట్టాక చూడలేదు."

షుక్రి స్వెటర్ చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

"కూర్చో, కుంటి గాడిదా," అన్నాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, ఆ ఉప్పూ పులుపూ లేని ద్రాక్షాకులు వీడికో పళ్ళెం పట్టుకు రమ్మని భార్యని కేకేశాడు. లోపల వర్దే "దేవుడా, బతికించావు" అనుకోవడం మా అందరికీ వినపడింది.